వరంగల్ వ్యాపార మిత్రులకు: ఫైర్‌వాల్ కొనే ముందు లైసెన్స్ పేజీ చూడండి

మాది వరంగల్‌లో విత్తనాలు, పురుగుమందుల హోల్‌సేల్ షాపు. పద్నాలుగు కంప్యూటర్లు, నర్సంపేటలో ఒక బ్రాంచి. నిరుడు ఒక డీలర్ "అన్నా, ఇది వన్ జీబీపీఎస్ ఫైర్‌వాల్, ఐదేళ్ల దాకా దీని దిక్కు చూడక్కర్లేదు" అని బయటి నెట్‌కూ మా కంప్యూటర్లకూ మధ్య కాపలా కాసే ఆ పెట్టె బిగించి పోయాడు. పచ్చ లైటు వెలుగుతోంది, నెట్ వస్తోంది. అంతా బాగుందనే అనుకున్నాం.

ఈ జూన్‌లో, సీజన్ జోరు మీదుండగా, ఒక పొద్దున ట్యాలీ తెరుచుకోలేదు. ఫోల్డర్‌లో ప్రతి ఫైలు పేరు చివర ఏవో పిచ్చి అక్షరాలు. పక్కనే డబ్బు కట్టమని ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. ఊళ్ల నుంచి సరుకు కోసం వచ్చినవాళ్లు కౌంటర్ ముందు నిలబడి ఉన్నారు. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరు ఫైర్‌వాల్ తెరిచి రెండు పేజీలు చూపించారు. మొదటిది లైసెన్సులది. యాంటీవైరస్, ఐపీఎస్ (చొరబాట్లను ఆపేది), వెబ్ ఫిల్టర్, అన్నిటి ఎదుటా ఎర్ర గుర్తులే. మాకు పెట్టె మాత్రమే అమ్మారు, సబ్‌స్క్రిప్షన్ లేదు. అది లేకపోతే ఎంత నెక్స్ట్ జనరేషన్ పెట్టె అయినా ఎక్కువగా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఐపీ అడ్రసు, ఏ తలుపో చెప్పే పోర్టు నంబరు చూసి పంపేస్తుంది. లోపల వైరస్ ఉందో లేదో పట్టించుకోదు. రెండోది రూల్స్ పేజీ. నర్సంపేట వాళ్లు ట్యాలీ వాడుకోవడానికని, దూరం నుంచి కంప్యూటర్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని ఎవరైనా తట్టేలా బయటికి తెరిచిపెట్టారు. వీపీఎన్, అంటే బ్రాంచికీ షాపుకీ మధ్య తాళం వేసిన దారి, ఆ పెట్టెలోనే ఉంది, పెడితే సరిపోయేది. నాకు అన్నిటికంటే బాధ ఇదే.

పోనీ లైసెన్స్ కొందామని డేటాషీట్ తీశాం. డీలర్ చెప్పిన వన్ జీబీపీఎస్ ఏ తనిఖీ లేనప్పటి వేగం. వైరస్ తనిఖీలన్నీ ఆన్‌లో ఉన్నప్పటి వేగం, అంటే 'థ్రెట్ ప్రొటెక్షన్' వేగం, కింద వేరే వరుసలో ఉంది, చాలా తక్కువ. మా లైను 300 ఎంబీపీఎస్. అన్నీ ఆన్ చేసి, తాళం వేసి వచ్చే వెబ్ డేటాను (హెచ్‌టీటీపీఎస్) విప్పి చూసే ఎస్‌ఎస్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ కూడా పెడితే 70 ఎంబీపీఎస్ దాటదని తేలింది. ఆ పెట్టె ఇప్పుడు మూలన ఉంది.

లాగ్‌ల (ఎవరు, ఎప్పుడు వచ్చారన్న రికార్డుల) సంగతీ అంతే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడి తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. మా దాంట్లో కరెంటు పోయి వస్తే పాతవన్నీ మాయం.

కొటేషన్‌లో థ్రెట్ ప్రొటెక్షన్ వేగం, మూడేళ్ల సబ్‌స్క్రిప్షన్, రెన్యూవల్ ధర రాసివ్వమని అడగండి. రాయనంటే కొనకండి. వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ కూడా కావాలని ఎవరైనా అంటే, అది సొంతంగా వెబ్‌సైట్ సర్వర్ నడిపేవాళ్లకు, మన షాపులకు కాదు.

మా హార్డ్ డిస్క్‌లో ఉన్న బ్యాకప్ దాడికి పదకొండు రోజుల ముందుది. ఆ పదకొండు రోజుల బిల్లులను మా అకౌంటెంట్ కాగితం కాపీలు చూసి ఇంకా ఎక్కిస్తూనే ఉన్నారు.