సవానాలో మూడు రోజులు, రెండు స్నానాలు

మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చి నెల దాటింది. అట్లాంటా చుట్టుపక్కల చూపించదగినవన్నీ చూపించేశాం. మూడు రోజుల సెలవు కలిసి రావడంతో మా జార్జియా రాష్ట్రంలోనే ఉన్న సవానా అనే పాత ఊరికి బయలుదేరాం. కారులో నాలుగు గంటల దారి. మేకన్ దాటాక చెట్లు తప్ప ఏమీ కనిపించవు, కాఫీలూ బాత్రూములూ అక్కడే ముగించుకోండి. అమెరికాలో దయ్యాలకు పేరుమోసిన ఊళ్లలో అదొకటని ఆవిడకు ముందుగా చెప్పలేదు. ఊళ్లోకి దిగాక మా ఆవిడ నోరు జారింది. "దయ్యాలను చూడటానికి డబ్బిచ్చి మరీ వెళ్తారా బాబూ?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండా కిటికీ వైపు తిరిగారు అత్తయ్యగారు.

వెళ్తారు. మొదటి రాత్రి మేమూ వెళ్లాం. పైకప్పు కోసేసిన పాత శవవాహనంలో జనాన్ని కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతారు. అత్తయ్యగారు అందులో కాలు పెట్టనన్నారు, మనవడితో గదిలో ఉండిపోయారు. ఆవిడ నష్టపోయింది ఏమీ లేదు. గైడు గొంతు బాగుంది, హాస్యం బాగుంది, కథలే అరువు సరుకు. మాడిసన్ స్క్వేర్ దగ్గర సోరెల్-వీడ్ ఇంటి ముందు బండి ఆపి, మోలీ అనే బానిస యువతి, యజమాని ఫ్రాన్సిస్ సోరెల్, మేడ మీద నుంచి పడి చనిపోయిన అతని భార్య మటిల్డా గురించి కళ్లకు కట్టినట్టు చెప్పాడు. తిరిగొచ్చి చదివితే తెలిసింది: మటిల్డా 1860లో చనిపోయిన మాట నిజమే, కానీ అప్పటికి ఆ కుటుంబం పక్కింటికి మారిపోయింది. మోలీ అనే మనిషి ఉన్నట్టు చరిత్రకారులకు ఆధారమే దొరకలేదు.

మర్నాడు పగలు ఓవెన్స్-థామస్ ఇంటికి వెళ్లాం. సవానాలో ఒక్కచోటికే టికెట్టు కొనాలంటే ఇదే కొనండి. విలియం జే అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి గీసిన నమూనాతో 1819లో పూర్తయిన భవనం. ఆ రోజుల్లోనే మేడ మీద దాకా నీటి గొట్టాలు. ఆ వైభవమంతా ముందువైపు. పెరట్లో బానిసలు బతికిన గదులున్నాయి. అక్కడ తలెత్తితే దూలాల మీద, చెక్కల మీద మాసిపోయిన నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా కనిపిస్తుంది. దుష్టశక్తులు లోపలికి రాకుండా ఆ నీలం వేసేవారని గైడు చెప్పింది. నీలిమందు, సున్నం, మజ్జిగ కలిపి చేసేవారట. నేను తర్జుమా చేస్తుండగానే అత్తయ్యగారు అందుకున్నారు. "సున్నంలో నీలిమందు మేమూ కలిపేవాళ్లం. గోడ తెల్లగా మెరవాలని వేసేవాళ్లం, వీళ్లు పాపం భయానికి వేసుకున్నారు." మెడ నొప్పి పుట్టేదాకా ఆ కప్పుకేసి చూస్తూ నిలబడ్డారు. ఈ ఇంట్లో దయ్యం కథ ఒక్కటీ చెప్పలేదు. ఆ గదుల్లో బతికిన వాళ్ల గురించి, తెలిసినంతవరకు పేర్లతో సహా చెప్పారు. రాత్రి శవవాహనంలో రాని వణుకు నాకు అక్కడ వచ్చింది.

అక్కడికి దగ్గర్లోనే కలోనియల్ పార్క్ స్మశానం. ప్రవేశం ఉచితం. 1750లో మొదలై 1853లో పూడ్చడం ఆగిపోయింది. 1820 నాటి పచ్చజ్వరంలో పోయిన దాదాపు 700 మంది కోసం ఒక ఫలకం ఉంది. తూర్పు గోడకు విరిగిన సమాధి రాళ్లు వరసగా తాపడం చేశారు. అంతర్యుద్ధంలో ఇక్కడ విడిది చేసిన ఉత్తరాది సైనికులు కొన్నిటి మీద అంకెలు చెక్కి మార్చారట, ఆ లెక్కన ఒకాయన వందల ఏళ్లు బతికినట్టు! రాత్రి గేట్లు మూసేస్తారు కాబట్టి దయ్యాల కథలు చెబుతూ ఊరు నడిపించే గైడులు జనాన్ని కటకటాల బయటే నిలబెట్టి కథ చెబుతారు. పగలు వెళ్లడమే మేలు. బయటికి రాగానే అత్తయ్యగారు పట్టుబట్టి గదికి వెళ్లి తలస్నానం చేశారు. మొదటి స్నానం.

రైట్ స్క్వేర్‌లో 1735లో ఉరితీసిన ఆలిస్ రైలీ అనే ఐర్లండ్ పనిమనిషి తిరుగుతుంటుందని రాత్రి గైడు చెప్పాడు. అదే స్క్వేర్‌లో 1739లో టోమోచిచిని పూడ్చిపెట్టారని మాత్రం అనలేదు. 1733లో ఓగల్‌థార్ప్ అనే ఆంగ్లేయుడు వచ్చి ఊరు కట్టుకుంటానంటే చోటిచ్చిన యామక్రా అనే స్థానిక తెగ పెద్ద ఆయన. 1883లో ఆ సమాధిని చెదరగొట్టి రైల్వే కంపెనీ అధ్యక్షుడు గోర్డన్‌కు స్మారకం కట్టారు. ఆ గోర్డన్ కోడలే పూనుకుని, 1899లో ఒక మూలన టోమోచిచి పేరిట పెద్ద బండరాయి పెట్టించింది. తిరిగే హక్కు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉండాలి.

ఇక బస. మార్షల్ హౌస్‌లో గది దొరకలేదు. 1851 నాటి ఆ హోటల్ అంతర్యుద్ధంలో ఆస్పత్రిగా పనిచేసింది, అందుకే దానికి అంత గిరాకీ. మేం దిగింది ఒక చిన్న పాత సత్రంలో, పేరు వద్దు. "దయ్యం గది" అని కాస్త ఎక్కువే తీసుకున్నారు. రాత్రి రెండింటికి టకటకమని చప్పుడు. మావాడు దుప్పటి ముసుగేశాడు. లేచి చెవి పెడితే గోడలో నీటి గొట్టం. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే గది తీసుకునే ముందే అడగండి. కారు మాత్రం అక్కడే వదిలేయండి, పాత ఊళ్లో డాట్ అనే ఉచిత బస్సు తిరుగుతుంది, నది దాటించే పడవ కూడా ఉచితమే.

శాకాహారులకు ఒక హెచ్చరిక: ఆకుకూర అని రాసి ఉన్నా పంది మాంసంతో ఉడికించి ఉండొచ్చు, టొమాటోతో వండే ఎర్రన్నంలోనూ అంతే. మమ్మల్ని అత్తయ్యగారి పులిహోర, 1919లో మొదలైన లియొపోల్డ్స్ దుకాణం ఐస్‌క్రీం కాపాడాయి. వరస పొడవే కానీ నిలబడొచ్చు.

చివరి రోజు పొద్దున్నే బోనవెంచర్ స్మశానానికి కారులో వెళ్లాం. ఓక్ చెట్ల నుంచి బూడిదరంగు నాచు జడల్లా వేలాడుతుంటుంది. 1889లో ఆరేళ్లకే పోయిన గ్రేసీ వాట్సన్ పాలరాతి బొమ్మ అక్కడుంది. చెయ్యి నరికిన చెట్టు మొద్దు మీద ఆనించి కూర్చున్న పిల్ల. చుట్టూ ఇనుప కంచె, దాని దగ్గర జనం పెట్టిపోయిన ఆటబొమ్మలు. బొమ్మలు తీసేస్తే పిల్ల రక్తం కన్నీరు కారుస్తుందని కథ. అత్తయ్యగారు కథ వినలేదు. బొమ్మ జోళ్ల కేసి చూసి, "బొత్తాలు కూడా చెక్కాడు" అన్నారు.

గది ఖాళీ చేసేలోపు రెండో స్నానం. వేడినీళ్లు అయిపోయాయి. చన్నీళ్లతోనే కానిచ్చి, వణుకుతూ కారెక్కారు.

ఇంటికి చేరి కారు దిగగానే ఆవిడ మా వరండా కప్పుకేసి చూశారు. తెల్లగా ఉంది. నీలం వేయిద్దామన్నారు. రంగు మార్చాలంటే మా కాలనీ సంఘానికి దరఖాస్తు పెట్టాలి. అందులో "కారణం" అని ఒక గడి ఉంది. వారమైంది, ఇంకా ఖాళీగానే ఉంది.