ఎనిమిది వందల పాటల ఫైళ్ళు, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్: నా అనుభవం

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మాదొక చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు మాకు అన్నం పెడతాయి. తప్పెటగుళ్ళ పాటల పని వేరు. అది నేను మా మేస్టారి కోసం చేస్తున్నాను.

మేస్టారు నాకు టెన్త్‌లో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక టేపురికార్డరు సంచిలో వేసుకుని ఆమదాలవలస, సారవకోట, హిరమండలం వైపు ఊళ్ళు తిరిగారు. గుండెల మీద తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని ఆడే యాదవ బృందాల దగ్గర కూర్చుని పాటలు రాసుకొచ్చారు. ఆ నోటుపుస్తకాలు పదకొండు. వాటిని ఏడేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా నేను టైపు చేస్తున్నాను. పాటకో ఫైలు. అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళే. మొత్తం 812.

మొదటి మూడేళ్ళు చేసినవి అనూ ఫాంట్లలో ఉన్నాయి. ప్రింటుకి అవి బాగానే ఉంటాయి గానీ అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ కావు, ఫోన్లో పంపితే అవతలివాళ్ళకి పిచ్చిగీతలు కనిపిస్తాయి. అందుకని ఆన్‌లైన్లో దొరికిన ఒక కన్వర్టర్లో వేసి మార్చాను. అక్షరాలు వచ్చాయి. అక్షరాలతో పాటు చెత్త ఖాళీలు కూడా వచ్చాయి. మాట మాటకీ మధ్య రెండేసి స్పేసులు, లైను చివర ఆరేసి ఏడేసి స్పేసులు, అక్కడక్కడా ట్యాబులు, కామాకి ముందు ఓ ఖాళీ, చరణానికీ చరణానికీ మధ్య నాలుగైదు ఖాళీ లైన్లు. దీన్లో కొంత నా చేతి అలవాటు కూడా ఉంది. వరస తిన్నగా కనబడాలని స్పేస్‌బార్ టకటకా కొట్టే రోజులవి.

కంటికి కనిపించని ఖాళీతో వచ్చే నష్టమేంటని అడిగేవాళ్ళున్నారు. నాకు ఎదురైంది చెప్తాను. "గంగమ్మ తల్లి" అని వెతికితే నలభై పాటల్లో దొరకాల్సింది పద్దెనిమిదింట్లోనే దొరికింది. మిగతావాటిలో ఆ రెండు మాటల మధ్య రెండు స్పేసులో, విడవకుండా పట్టుకునే నాన్ బ్రేకింగ్ స్పేసో ఉంది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కంప్యూటరుకి మాత్రం వేరు. ఇంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి. ఒకే పాట వంశధారకి ఇవతలి ఊళ్ళో ఒకలాగ, అవతలి ఊళ్ళో ఇంకోలాగ పాడతారు. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి తేడాలు చూడాలన్నది మేస్టారి కోరిక. పోల్చే ప్రోగ్రాంలో పెడితే 64 లైన్ల పాటలో 61 లైన్లు తేడా అని చూపించింది. అంతా లైను చివరి స్పేసుల వల్లే.

మొదట నేను వెళ్ళింది ఇంటర్నెట్‌లో ఉచితంగా టెక్స్ట్ శుభ్రం చేసిపెట్టే ఒక సైటుకి. ఇరవై ఫైళ్ళు వేసి ఒక్క బటన్ నొక్కితే క్షణంలో ఇరవై ఫైళ్ళు తిరిగొచ్చాయి. ఎంతో సంతోషంగా ప్రింటు తీసి మేస్టారికి ఇచ్చాను. ఆయన మొదటి పేజీలోనే ఆగిపోయారు.

"ఏటమ్మా ఇది? వంతలన్నీ ముందుకొచ్చీసినాయి. పాడినోడెవడో అందుకున్నోడెవడో తెలీడం నేదు."

ఆయన నోటుపుస్తకంలో గురువు పాడే లైను అంచునుంచి మొదలవుతుంది. బృందం అందుకునే వంత లైను నాలుగక్షరాలు లోపలికి జరిగి ఉంటుంది. చరణం అయిపోయి తప్పెటలు మాత్రమే మోగే చోట ఒక ఖాళీ లైను. నేను కూడా అలాగే టైపు చేశాను. ఆ సైటు లైను ముందున్న స్పేసుల్ని ఊడ్చేసింది, ఖాళీ లైన్లనీ ఊడ్చేసింది. పాట మొత్తం ఒక పేరాలా ముద్దయింది. అంతటితో ఆగలేదు. ఒక పాటలో షేర్‌మహమ్మద్‌పురం వస్తుంది, ఎచ్చెర్ల దగ్గర ఇప్పుడు ట్రిపుల్ ఐటీ ఉన్న ఊరే. అది షేర్మహమ్మద్పురం అయి కూర్చుంది. పొల్లు కింద ఒత్తులు పుట్టుకొచ్చాయి.

ఎందుకలా అయిందో వెతుక్కుని తెలుసుకున్నాను. తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ కలిసి ఒత్తక్షరం అయిపోతాయి. కలవకుండా విడిగా ఉంచాలంటే మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తు పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. యూనికోడ్‌లో దాని నంబరు 200సి. దానికి పక్కింట్లోనే, 200బి నంబర్లో, జీరో విడ్త్ స్పేస్ ఉంది. అది వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు తెలియకుండా వచ్చి చేరుతుంది, వెతుకులాటని పాడుచేస్తుంది. బి తీసెయ్యాలి, సి ముట్టుకోకూడదు. కనిపించనివన్నీ చెత్తేనని ఇంగ్లీషు వాక్యాలు దృష్టిలో పెట్టుకుని తయారు చేసిన యంత్రానికి ఈ తేడా పట్టదు. తెలుగు టైపు చేసే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలని నాకనిపిస్తుంది.

అప్పటికి నా సిస్టంలో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఎప్పట్నించో ఉంది, ఫైలు తెరిచి చూడ్డానికే వాడేదాన్ని. డాన్ హో అనే ఆయన 2003లో విడుదల చేసిన ప్రోగ్రాం ఇది. ఉచితం, సోర్సు కూడా బయటే ఉంటుంది. విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నడిపే రకం కూడా ఉంది. మా షాపులో పాత సిస్టం మీద కూడా ఏ మాత్రం మొరాయించలేదు.

దీనిలో నాకు మొదట నచ్చింది కనిపించనిదాన్ని చూపించడం. వ్యూ మెనూలో షో సింబల్ దగ్గర స్పేస్, ట్యాబ్ చూపించమంటే ప్రతి స్పేసూ నారింజరంగు చుక్కగా, ట్యాబు బాణంగా కనిపిస్తాయి. కొత్త వెర్షన్లలో నాన్ ప్రింటింగ్ క్యారెక్టర్స్ అని ఇంకో వరస ఉంది. అది నొక్కితే జీరో విడ్త్ గుర్తులు కూడా తమ పొట్టిపేర్లతో బయటపడతాయి. నా ఫైలు మొదటిసారి అలా చూసినప్పుడు కళ్ళం మీద చల్లిన ధాన్యంలా తెరంతా చుక్కలే. ఏడేళ్ళు ఇంత చెత్త మధ్య పని చేశానా అని బాధేసింది.

ఎడిట్ మెనూలో బ్లాంక్ ఆపరేషన్స్ అని ఉంటుంది. లైను చివరి స్పేసులు తియ్యడం, ట్యాబుని స్పేసుగా మార్చడం అక్కడ ఒక్క నొక్కుతో అయిపోతాయి. అయితే అది తెరిచి ఉన్న ఆ ఒక్క ఫైలుకే. 812 ఫైళ్ళకి కావలసింది ఫైండ్ ఇన్ ఫైల్స్. కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కితే వస్తుంది. డైరెక్టరీ గళ్ళో ఫోల్డరు చూపించాలి. ఫిల్టర్స్ గళ్ళో నక్షత్రం గుర్తు, చుక్క, టీఎక్స్‌టీ రాయాలి. పాటలు ఊరి పేరుతో వేరువేరు ఫోల్డర్లలో ఉంటే సబ్ ఫోల్డర్స్ దగ్గర టిక్ పెట్టాలి. కింద రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే వెతకాల్సినదాన్ని గుర్తులతో చెప్పే పద్ధతి, ఎంచుకోవాలి.

ఆ ఎక్స్‌ప్రెషన్ అనే మాట వినగానే నేను భయపడ్డాను. నాకు ప్రోగ్రామింగ్ రాదు. నాలుగు గుర్తులు నేర్చుకుంటే నా పని జరిగిపోయింది. బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న హెచ్ అంటే లైన్లో అడ్డంగా ఉండే ఖాళీ, స్పేసైనా ట్యాబైనా. ప్లస్ అంటే ఒకటి గానీ ఎన్ని గానీ. డాలరు గుర్తు అంటే లైను చివర. ఈ మూడూ వరసగా రాసి, రీప్లేస్ గడి ఖాళీగా వదిలేస్తే లైను చివరి ఖాళీలన్నీ పోతాయి. లైను ముందున్న నాలుగు స్పేసులు, అంటే నా వంతలు, పదిలంగా ఉంటాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. మొదటిరోజు హెచ్ బదులు చిన్న ఎస్ రాశాను. ఎస్ అన్నా ఖాళీయే. కాకపోతే దానికి లైను విరుపు కూడా ఖాళీ కిందే లెక్క. చరణాల మధ్య ఉన్న ఖాళీ లైన్లని అది మింగేసింది, 812 ఫైళ్ళలోనూ. ఫైండ్ ఇన్ ఫైల్స్‌తో డిస్కు మీదున్న ఫైళ్ళలో చేసిన మార్పుకి కంట్రోల్ జెడ్ పని చెయ్యదు. చేస్తావా అని ఒకసారి అడుగుతుంది, అవునన్నాక వెనక్కి దారి లేదు. అంతకు ముందురోజు ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉండబట్టి బతికాను. ఇప్పుడు ప్రతి మార్పుకి ముందూ ఫోల్డరుని తేదీ పేరుతో కాపీ చేస్తాను. ఆ తర్వాతే చెయ్యి పెడతాను.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. రీప్లేస్ ఇన్ ఫైల్స్ నొక్కేముందు ఫైండ్ ఆల్ నొక్కుతాను. ఏ ఫైల్లో, ఎన్నో లైన్లో, ఎన్ని చోట్ల దొరికిందో కింద జాబితా వస్తుంది. డబుల్ క్లిక్ చేస్తే ఆ చోటికే తీసుకెళ్తుంది. పదిహేను ఇరవై చోట్ల కళ్ళతో చూశాక గానీ మార్చను. ఈ సాఫ్ట్‌వేరుకి నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది ఈ జాబితాకే. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, "అత్తా, లినక్స్‌లో సెడ్ అని ఉంది, ఒక్క లైన్లో అయిపోద్ది" అంటాడు. నా ముందే చేసి చూపించాడు కూడా, నిజంగానే అయిపోయింది. నాకు మాత్రం మేస్టారి పాట మీద చెయ్యి వేసేముందు ఎక్కడ వేస్తున్నానో కనిపించాలి.

మాటల మధ్య ఎక్కువ స్పేసులు తియ్యడం కొంచెం సున్నితమైన పని, ఎందుకంటే రెండు స్పేసుల్ని ఒకటి చెయ్యమంటే లైను ముందున్న వంత జరుపు కూడా ఒక స్పేసుకి కుదించుకుపోతుంది. దీనికి దారి ఇదీ: గుండ్రటి బ్రాకెట్లలో బ్యాక్‌స్లాష్, పెద్ద ఎస్. పెద్ద ఎస్ అంటే ఖాళీ కాని ఏదైనా అక్షరం. బ్రాకెట్ల బయట బ్యాక్‌స్లాష్ హెచ్, ప్లస్. రీప్లేస్ గళ్ళో బ్యాక్‌స్లాష్, దాని పక్కన 1 అంకె (బ్రాకెట్లలో పట్టుబడ్డ అక్షరాన్ని మళ్ళీ పెట్టమని), తర్వాత ఒక స్పేసు. అక్షరం తర్వాత వచ్చే ఖాళీలే పట్టుబడతాయి, లైను ముందు అక్షరమే లేదు కాబట్టి అక్కడివి జోలికి పోదు. లైను చివర ఖాళీలు ముందే తీసేసి ఉండాలి, లేకపోతే అక్కడ ఒక్కో స్పేసు మిగిలిపోతుంది. ఇది కుదిరిన రోజు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

ఖాళీ లైన్లకి బ్యాక్‌స్లాష్ పెద్ద ఆర్, పక్కన మీసాల బ్రాకెట్లలో మూడు, కామా. రీప్లేస్ గళ్ళో బ్యాక్‌స్లాష్ చిన్న ఆర్, బ్యాక్‌స్లాష్ చిన్న ఎన్, ఈ జంట రెండుసార్లు. మూడు గానీ అంతకు మించి గానీ లైను విరుపులు వరసగా ఉంటే రెండు చేసేస్తుంది, అంటే చరణానికి ఒక్క ఖాళీ లైను మిగులుతుంది. జీరో విడ్త్ స్పేసుకి బ్యాక్‌స్లాష్ చిన్న ఎక్స్, మీసాల బ్రాకెట్లలో 200బి, రీప్లేస్ గడి ఖాళీ. ఇది నొక్కేముందు చివరక్షరం బి అవునో కాదో మూడుసార్లు చూసుకుంటాను.

చిన్న జాగ్రత్తలు రెండు. ఫైళ్ళన్నీ యూనికోడ్ అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. మార్చే ఫైళ్ళు అదే సమయంలో ఇంకో ప్రోగ్రాంలో తెరిచి ఉంచకండి. బయట ఫైలు మారింది, మళ్ళీ తెరవమంటావా అని అది అడగొచ్చు. వద్దని చెప్పి తర్వాత సేవ్ కొడితే పాత చెత్తంతా తిరిగొచ్చేస్తుంది.

లోట్లు లేవా అంటే ఉన్నాయి. నాలుగైదు మార్పుల్ని 812 ఫైళ్ళ మీద ఒకే నొక్కుతో వరసగా నడిపించే సులువైన బటన్ నాకు దొరకలేదు, ఒక్కోటి విడివిడిగానే చేశాను. గుర్తుల భాష కొత్తవాళ్ళకి అర్థం కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఫోన్లో పని చేసుకునేవాళ్ళకి ఇది పనికిరాదు. రోజూ పది లైన్లు శుభ్రం చేసుకునేవాళ్ళకి ఇంత అవసరమూ లేదు. పాటలు, పద్యాలు, నాటకాల సంభాషణలు, ఎక్కడ ఖాళీకి అర్థం ఉందో అలాంటి ఫైళ్ళు వందల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఒక ఆదివారం దీనికి ఇవ్వండి. కథానిలయం ఉన్న ఊరు మాది. తెలుగు కథ ఏ పత్రికలో వచ్చినా పోనివ్వకూడదని కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ఇక్కడ గూడు కట్టారు. ఆ వీధి మీదుగా వెళ్ళినప్పుడల్లా మా మేస్టారి పదకొండు పుస్తకాలు గుర్తొస్తాయి.

మార్పులన్నీ అయ్యాక "గంగమ్మ తల్లి" నలభై ఒక్క పాటల్లో దొరికింది. ఆ ఒక్క పాట మేస్టారి లెక్కలోనే లేదు. రెండు ఊళ్ళ పాటనీ మళ్ళీ పోల్చాను. ఈసారి 64 లైన్లలో తేడా చూపించింది నాలుగే. ఇవతలి ఊరివాళ్ళు "వాన" అన్నచోట అవతలివాళ్ళు "వరద" అన్నారు. ఇంకోచోట వంత ఒకసారి ఎక్కువ అందుకున్నారు. మేస్టారు కళ్ళజోడు సర్దుకుని ఆ నాలుగు లైన్ల కిందా పెన్సిలుతో గీత గీశారు.

"ఇదమ్మా నాకు కావల్సింది. వాళ్ళనే అడుగుతాను, వరదని ఎందుకన్నారో."

మర్నాడు పొద్దున్న హిరమండలం బస్సెక్కారు.