ఏళ్ల తరబడి తోలు కుట్టాక సింగర్ 111డబ్ల్యు155 గురించి

పాత కుట్టు మిషన్ల అమ్మకాల్లో "హెవీ డ్యూటీ" అన్న మాటకు విలువ లేదు. పోత ఇనుముతో చేసిన ఇంటి మిషన్‌ని కూడా నాలుగు పొరల జీన్స్ కుట్టి చూపించి ఆ పేరుతోనే అమ్ముతారు. తోలుపనికి మోటారు ఎంత గట్టిదో, మిషన్ ఎంత బరువుందో తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది పొరలను ముందుకు నడిపే ఏర్పాటు.

మామూలు మిషన్‌లో కింది పళ్లు మాత్రమే నడుపుతాయి. అడుగు పొర వాటితో పాటు కదులుతుంది, పై పొర దాన్ని నొక్కిపట్టే ఫుట్‌కి అంటుకుని వెనకబడుతుంది. బట్టలో ఆ తేడా అంతగా తెలియదు. తోలులో ఒక అడుగు పొడవున కుట్టేసరికి పై ముక్క కొసన కొన్ని మిల్లీమీటర్లు మిగిలిపోతుంది. విప్పి మళ్లీ కుడదామన్నా కుదరదు, సూది గుచ్చిన రంధ్రాలు తోలులో పూడవు. సింగర్ పాత ఫ్యాక్టరీ మిషన్ 111డబ్ల్యు155కి లోపలొకటి, బయటొకటి రెండు ఫుట్‌లు ఉంటాయి. సూది తోలులో దిగి ఉండగానే సూది, లోపలి ఫుట్, కింది పళ్లు మూడూ కలిసి వెనక్కి కదులుతాయి. సూది లేచే వేళకు బయటి ఫుట్ దిగి తోలును పట్టుకుంటుంది, లోపలి ఫుట్ గాలిలో లేచి మళ్లీ ముందుకొస్తుంది. దీన్నే కాంపౌండ్ ఫీడ్ అంటారు. జిగురు పెట్టకుండా, క్లిప్పులతో మాత్రమే పట్టి ఉంచిన పొడవాటి పట్టీ కూడా రెండు కొసలూ కలిసే బయటికొస్తుంది. ఈ మిషన్‌కి డబ్బు పెట్టాల్సింది దీనికోసమే.

పేరులోని డబ్ల్యు అక్షరం అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ ఫ్యాక్టరీది. 1905లో సింగర్ తనలో కలిపేసుకున్న వీలర్ అండ్ విల్సన్ కంపెనీ ఫ్యాక్టరీ అది. కె అని ఉంటే స్కాట్లాండ్‌లోని కిల్‌బౌవీ తయారీ. అక్షరం కంటే దాని తర్వాతి అంకెలే ముఖ్యం. 111డబ్ల్యు కుటుంబంలో వాకింగ్ ఫుట్, అంటే ఇలా లేచి నడిచే ఫుట్, లేనివీ ఉన్నాయి. ప్లేటు మీద 155 అని కనబడినా నమ్మకుండా చక్రం చేత్తో తిప్పి చూడాలి. రెండు ఫుట్‌లు వంతులవారీగా లేస్తున్నాయా, సూది ముందుకీ వెనక్కీ ఊగుతోందా అన్నది పది సెకన్లలో తేలిపోతుంది.

ఇది ఎంతవరకు కుడుతుందో సూటిగా చెప్పుకోవచ్చు. ఫుట్ లేచేది సుమారు 9 మిల్లీమీటర్లు. ఆ మందం కింద పట్టినంత మాత్రాన హాయిగా కుడుతుందని కాదు, 6–7 మిల్లీమీటర్ల దాకా ఇబ్బంది ఉండదు. సూది 135×17 రకం బట్టకి, 135×16 తోలుకి. దారానికైనా సూదికైనా అంకె పెరిగే కొద్దీ లావు. 69 నంబరు బాండెడ్ (పోగులు విడిపోకుండా అతికించిన) దారానికి 110 సూది, 92కి 120 లేదా 125, 138కి 140 లేదా 160. దారంలో 138 దీని హద్దు. 207 దారాన్ని పైన ఎలాగో ఎక్కించినా కింద దారం ఉచ్చును పట్టే హుక్‌కీ బాబిన్ కేస్‌కీ మధ్య అది జారే చోటు చాలదు. టెన్షన్ (దారం బిగువు) గంతులేస్తుంది, హుక్ మీద అనవసర భారం పడుతుంది. బాబిన్ కూడా చిన్నదే, 138 చుడితే త్వరగా ఖాళీ అవుతుంది. పొడవాటి అంచు కుట్టబోయే ముందు కొత్త బాబిన్ వేసుకోవడం మేలు, తోలు మధ్యలో అతుకు దాగదు.

తోలు సూది మొన విషయం కూడా చూడాలి. ఎస్ మొన కుట్టు వరస వెంబడే చీల్చుతుంది, కుట్టు తిన్నగా, కొంచెం లోపలికి కూర్చుంటుంది. కాకపోతే కుట్టు పొట్టిగా పెడితే చీలికలు ఒకదానితో ఒకటి కలిసిపోయి తోలు అక్కడే చిరుగుతుంది. ఎల్ఆర్ మొన ఏటవాలుగా చీల్చుతుంది, కుట్టు వాలుగా అందంగా కనిపిస్తుంది. పర్సులకి ఎల్ఆర్, సంచుల పొడవాటి కుట్లకి 4 మిల్లీమీటర్లు ఆ పైన పెట్టి ఎస్ నా ఎంపిక. సూది బిగించేటప్పుడు పొడుగాటి గాడి ఎడమవైపు, నొక్కు పడిన వైపు కుడివైపు, అంటే హుక్ ఉన్న వైపు ఉండాలి. కాడ గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొద్దిగా తిరిగి బిగుసుకున్నా తెలియదు. కుట్టు తప్పితే ముందు ఇదే చూడాలి.

కుట్టు తప్పడానికి ఇంకో కారణాన్ని చాలామంది పట్టించుకోరు. హుక్ మొన సూదికి తాకీ తాకనట్టు, ఒక మిల్లీమీటరులో పదోవంతు దూరంలో నడవాలి. 160 సూదికి సరిపెట్టిన హుక్ దగ్గర 100 సూది పెడితే ఆ సందు పెరుగుతుంది, దారం ఉచ్చు హుక్‌కి అందదు. అదే 100కి సరిపెట్టి 160 పెడితే హుక్ మొన సూదిని గీకి మొండిదవుతుంది. అందుకే ఒక మిషన్‌కి ఒక శ్రేణి అని పెట్టుకోవాలి. ఎక్కువ పని 138 మీద నడిచే వాళ్లు 140కి సరిపెట్టుకుంటే 125 నుంచి 160 దాకా సాధారణంగా కుదురుతుంది. టైమింగ్, అంటే సూదీ హుక్కూ కలిసే వేళ, మళ్లీ పెట్టాల్సి వస్తే కొలత ఇది: సూది అట్టడుగు నుంచి సుమారు 2.4 మిల్లీమీటర్లు పైకి లేచినప్పుడు హుక్ మొన సూది మధ్యకి రావాలి, అప్పుడు సూది కన్ను పైఅంచు మొనకు సుమారు 1.6 మిల్లీమీటర్ల కింద ఉండాలి.

కొనే ముందు పరీక్షకి సొంత దారం, సొంత సూదులు, సొంత తోలు ముక్కలు పట్టుకెళ్లాలి. మొదట దారం లేకుండా దళసరి కాగితం మీద గరిష్ఠ పొడవు కుట్టు వెయ్యాలి. పదకొండు రంధ్రాలంటే మధ్య పది ఖాళీలు, మొత్తం 50 మిల్లీమీటర్ల దరిదాపుల్లో రావాలి. తర్వాత అదే పొడవు మీద నాలుగు పొరల తోలు కుట్టి కొలవాలి. కొంచెం తగ్గడం మామూలే. కాగితం మీదే 40కి పడిపోతే ఫీడ్ భాగాలు అరిగాయి. కుట్టు పొడవు దానంతట అదే మారిపోతూ ఉంటే కుట్టు పొడవుని పట్టి ఉంచే ఫీడ్ ఎక్సెంట్రిక్ అనే భాగం వదులైందని అర్థం, అది బిగించుకోదగ్గదే, ధర తగ్గించమనడానికి చాలు కానీ వదులుకోవడానికి కాదు. సూదిని పట్టుకుని ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ ఆడించి చూస్తే ఎంత వదులుందో తెలుస్తుంది. చివరగా హుక్ మొన మీద గోరు ఆనించి లాగాలి. గోరు తట్టుకుంటే గీతలు పడ్డాయి. సన్నటి గీతని ఆరు వందల నంబరు పైన సాన కాగితంతో నునుపు చేయొచ్చు, మొన విరిగితే కొత్త హుక్ కావాలి, ఈ మిషన్‌లో ఖరీదైన భాగం అదే. పైషాఫ్టునీ కింది షాఫ్టునీ కలిపే బెల్టు పగుళ్లిచ్చి ఉందేమో కూడా వెనక మూత తీసి చూడాలి. రంగు పోయిన మిషన్ తల గురించి బెంగ అక్కర్లేదు. తళతళలాడే కొత్త రంగు వేసి ఉంటేనే అనుమానించాలి, నూనె రంధ్రాల్లోకి రంగు కారి మూసుకుపోయిన తలలు ఉంటాయి.

దీంతో పాటు వచ్చే, ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగే క్లచ్ మోటారు తోలుకి పనికిరాదు. 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోల్‌ల మోటారు నిమిషానికి 1,440 చుట్ల దగ్గర తిరుగుతుంది, 75 మిల్లీమీటర్ల పుల్లీ ఉంటే మిషన్ నిమిషానికి వెయ్యి కుట్ల దాకా పరుగెడుతుంది. తోలుపనికి వంద నుంచి మూడు వందలు చాలు, మూల తిప్పే చోట ఒక్కో కుట్టే పడాలి. వేగం తగ్గించుకోగల సర్వో మోటారు పెట్టుకుని, పుల్లీని 45–50 మిల్లీమీటర్లకి తగ్గించాలి. చవక సర్వోలు నెమ్మది వేగంలో బలం చాలక దళసరి దగ్గర ఆగిపోతాయి. 3:1 స్పీడ్ రెడ్యూసర్ వేస్తే వేగం మూడో వంతుకి తగ్గి, బలం దాదాపు మూడింతలవుతుంది. మిషన్ కొన్న డబ్బు తర్వాత ఖర్చు పెట్టదగ్గది ఇదొక్కటే అనిపిస్తుంది. బెల్టు పొడవు మారుతుంది, పుల్లీ మార్చిన తర్వాతే కొలిచి తెచ్చుకోవాలి.

వాడకంలో చికాకు పెట్టేవి లేకపోలేదు. వెనక్కి కుట్టే లివరు లేదు. చివర కట్టుదిట్టానికి సూది కిందికి దించి, ఫుట్ ఎత్తి, పనిని గిర్రున తిప్పి పాత రంధ్రాల్లోనే రెండు మూడు కుట్లు వెయ్యాలి. చక్రం చేత్తో తిప్పుతూ వేస్తేనే రంధ్రం తప్పదు. తోలు పైముఖం కనిపించే చోట్ల పైదారాన్ని వెనక్కి లాగి, ముడేసి, కొసని నిప్పుతో కరిగించడం నయం. మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక పట్టుకుని మూడు కుట్లు వేశాకే వదలాలి. వదిలేస్తే పైదారం హుక్‌లోకి పోయి చుట్టుకుంటుంది, సేఫ్టీ క్లచ్ టక్కున విడిపోతుంది, చక్రం తిరుగుతుంది కానీ హుక్ తిరగదు. మిషన్ చెడిపోయిందని భయపడాల్సింది లేదు, హుక్ విరగకుండా కాపాడేందుకే ఆ ఏర్పాటు. ఇరుక్కున్న దారం తీసేసి, క్లచ్ లాక్ నొక్కి పట్టి చక్రాన్ని వెనక్కి గట్టిగా తిప్పితే మళ్లీ కూర్చుంటుంది. దారం తియ్యకుండా బలవంతంగా తిప్పితే మాత్రం టైమింగ్ పోతుంది.

ముడి అడుగున కనిపిస్తే అందరూ పైటెన్షన్ బిగిస్తారు. దళసరి తోలులో చాలాసార్లు లోపం సూదిది. రంధ్రం సన్నగా ఉంటే 138 దారం ముడి లోపలికి ఎక్కలేదు. 140 తీసి 160 పెడితే టెన్షన్ ముట్టుకోకుండానే ముడి పొరల మధ్యలోకి చేరుతుంది. సూది లేచేటప్పుడు తోలు కూడా దానితో పాటు పైకి లేస్తుంటే ఫుట్ ఒత్తిడి చాలడం లేదు, ఉచ్చు ఏర్పడక కుట్టు తప్పుతుంది. ఒత్తిడి పెంచితే ఇంకో బాధ: వెజిటబుల్ టాన్ (చెట్ల బెరడుతో పదును చేసిన) తోలు మీద లోపలి ఫుట్ పళ్ల గుర్తులు, అడుగున ఫీడ్ పళ్ల గాట్లు. లోపలి ఫుట్ పళ్లని సన్నటి ఆకురాయితో మొండి చేసి పాలిష్ చేస్తే పైగుర్తులు చాలావరకు పోతాయి, కాంపౌండ్ ఫీడ్‌లో సూదే లాగుతుంది కాబట్టి పట్టు పెద్దగా తగ్గదు. అడుగు గాట్లు పూర్తిగా పోవు, ముఖం పైకి ఉండేలా కుట్టుకోవడమే దారి. తడి తోలు మీద రెండూ లోతుగా పడతాయి, ఆరాకే కుట్టాలి.

3 మిల్లీమీటర్ల నుంచి 6కి గట్టు ఎక్కే చోట కుట్టు పొట్టిదవుతుంది. ఫుట్ వెనక అదే మందం ముక్క ఆసరాగా పెడితే ఫుట్ ఏటవాలుగా ఎత్తిపట్టదు. అంచుని ముందే పలచగా చెక్కితే ఈ బాధే ఉండదు. రెండు వైపుల జిగురు టేపు మీదుగా కుట్టే వాళ్లు ప్రతి కొన్ని అడుగులకి సూది తుడవాలి, జిగురు పట్టిన సూది దారాన్ని చీల్చేస్తుంది.

నూనె అంతా చేత్తోనే. కనిపించిన ప్రతి రంధ్రంలో చుక్క, హుక్‌కి పని మొదలుపెట్టే ప్రతిరోజూ ఒక చుక్క. ఏళ్లుగా మూలనపడి బిగుసుకుపోయిన తలకి కిరోసిన్ పట్టించి, ఒక రాత్రి వదిలేసి మెల్లగా కదపాలి. కదిలాక కిరోసిన్ తుడిచేసి మిషన్ నూనె వెయ్యకపోతే ఇనుము ఇనుముని తినేస్తుంది.

ఇదే డిజైన్‌కి దగ్గరగా తర్వాత వచ్చినవి జూకీ ఎల్‌యు-563, కాన్స్యూ 206ఆర్‌బి. రెండింటికీ వెనక్కి కుట్టే లివరు ఉంది, జూకీ బాబిన్ పెద్దది. మంచి స్థితిలో ఉన్న 563 దాదాపు అదే ధరకి దొరికితే 155 మీద మమకారం పెట్టుకోనక్కర్లేదు. ఫాఫ్ 145 కూడా కాంపౌండ్ ఫీడే, లివరు ఉంది, నడక నున్నగా ఉంటుంది. దాని సూది 134-35 రకం, 135×17 అలవాటుగా పెట్టేస్తే టైమింగ్ తేడా వస్తుంది. సింగర్ 31-15 దర్జీల మిషన్, కింది పళ్లే నడుపుతాయి. పలచటి తోలు జాకెట్లకి 69 దారంతో చక్కగా పనిచేస్తుంది, సంచికి కాదు.

చెప్పుల బాగుచేతకి వాడే 29కె పాచర్ని సంచుల కోసం కొనేవాళ్లు ఎక్కువ. సన్నటి చేయి సంచి మూలలోకి, బూటు లోపలికి దూరుతుంది, ఫుట్ ఏ దిక్కుకైనా తిరుగుతుంది. కానీ నడిపేది పైఫుట్ ఒక్కటే, దాని పళ్ల గుర్తులు పైతోలు మీద పడతాయి. పాతవాటిలో ఆ కదలిక అందించే లంకెలు అరిగి, 5 మిల్లీమీటర్లు రావాల్సిన కుట్టు 3 దగ్గరే ఆగిపోతుంది. 29కె51, 58 లాంటి చిన్న బాబిన్ మోడళ్లలో 92 దారం దాటకపోవడం మేలు; 72, 73లలో బాబిన్ పెద్దది. 155 చేరలేని చోటికి రెండో మిషన్‌గా దీనికి సాటి లేదు, ఒకే మిషన్‌గా కొనకూడదు. ఇక 207, 277 దారాలతో జీను పని, 10 మిల్లీమీటర్ల బెల్టులు చేసేవాళ్లు 155 దగ్గర ఆగకుండా సింగర్ 45కె లేదా 7 క్లాస్ మిషన్ల వైపు చూడాలి.