ఏకే మిషన్ షాపు: పాత పరుపు దూదితో రజాయి చేయించాను, మూడు స్టార్లు ఇస్తున్నా

ముందే చెప్పేస్తున్నా, ఈ షాపుకి పేరు లేదు. వరంగల్‌లో మా వైపు అందరూ "ఏకే మిషన్" అంటారు, షట్టర్ మీద ఎర్ర పెయింటుతో "ఇచ్చట పాత దూది ఏకబడును" అని ఉంటుంది, అదీ సగం చెరిగిపోయింది. ఏకడం అంటే గట్టిపడిన దూదిని విడదీసి మళ్ళీ మెత్తగా చేయడం. లొకేషన్ పెట్టమని అడగకండి, మ్యాప్‌లో లేదు, నేనూ వెతికాను. కానీ ఇలాంటి మిషన్ చాలా ఊళ్ళలో ఇంకా ఒకటో రెండో ఉన్నాయి. రెడీమేడ్ రజాయి కొని ఒకసారి డబ్బులు పోగొట్టుకున్నదాన్ని, మిషన్ దగ్గరికి ఎలా వెళ్ళాలో తెలియక ఒకసారి వెనక్కి తిరిగొచ్చినదాన్ని కాబట్టి ఇంత రాస్తున్నా.

పోయిన చలికాలం వేరే చోట, పేరు వద్దులెండి, రెడీమేడ్ రజాయి కొన్నాను. పైన మంచి పూల బట్ట, లోపల "ప్యూర్ కాటన్" అన్నారు. సంక్రాంతి దాటేసరికి లోపలిదంతా కాళ్ళ దగ్గరికి జారిపోయి, ఛాతీ మీద రెండు పొరల బట్ట మాత్రం మిగిలింది. కోపమొచ్చి ఒక మూల కుట్టు విప్పి చూస్తే పైపైన పల్చగా తెల్ల దూది, దాని కింద ఎరుపు, నీలం, నలుపు పోగులు, అంటే బట్టల కటింగులు నలగ్గొట్టి నింపేశారన్నమాట. చిటికెడు తీసి అగ్గిపుల్లతో అంటించాను. అసలైన దూదైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది, పాలిస్టర్ ఉంటే కరిగి చివర నల్లటి గట్టి పూస కడుతుంది. నాకు వచ్చింది పూస.

ఈసారి కొనేది లేదనుకున్నా. అటక మీద అత్తమ్మ పెళ్ళినాటి పరుపు ఉంది, అందులోది అసలైన పత్తి అని ఆవిడ ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉంది, మేమే వినలేదు. దించి చూస్తే రాయిలా ఉంది. ఏకై వచ్చి మేకైంది అంటాం కదా, మా పరుపులో నిజంగానే మెత్తటి దూది ఏకులన్నీ మేకులై కూర్చున్నాయి. పరుపుని పరుపులాగే చుట్టి ఆటోలో వేసుకుని మిషన్ దగ్గరికి పోయాను. అదీ నా మొదటి తప్పు.

షాపు చాచా నన్ను కూర్చోమని కూడా అనలేదు. పరుపు మూల విప్పి గుప్పెడు దూది లాగి, పిడికిట్లో గట్టిగా నొక్కి, చెయ్యి తెరిచి నా ముందు పెట్టాడు. నొక్కింది నొక్కినట్టే ముద్దలా ఉండిపోయింది. "తడి ఉంది బిడ్డా. ఇట్లనే ఏస్తే ఉండలు కడ్తది. నాకు పైసలొస్తయ్, నీకు రజాయి రాదు. రెండు ఎండలు చూపించి తీస్కరా" అన్నాడు. వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేవాణ్ణి ఈ మధ్య ఎక్కడా చూడలేదు, నా రేటింగ్‌లో సగం ఆ ఒక్క మాటకే. వెళ్తుంటే వెనకనుంచి ఇంకోటి చెప్పాడు, టాకా దారాలన్నీ, అంటే పరుపుకి వేసిన కుట్టు దారాలన్నీ తీసెయ్యాలట, ఇనుము ముక్క ఒక్కటి కూడా ఉండకూడదట.

ఆ ఇనుము సంగతి అప్పుడు అర్థం కాలేదు, మిషన్ చూశాక అర్థమైంది. లోపల తిరిగేది మేకులు దిగ్గొట్టిన డ్రమ్ము. దానికి ఒక పిన్నీసు తగిలిందంటే నిప్పురవ్వ లేస్తుంది, చుట్టూ ఉన్నదేమో గాల్లో ఎగిరే దూది.

రెండు రోజులు డాబా మీద నేనూ అత్తమ్మా కూర్చుని చేత్తో విప్పాం. ఈ పని ఎంత విసుగో చెప్పలేను, గంటకి కిలో కూడా కాదు, ముక్కులోకి దుమ్ము, నడుం నొప్పి, పైగా కాకులు. కానీ రజాయి బాగా రావడం రాకపోవడం ఇక్కడే తేలిపోతుంది, మిషన్ దగ్గర కాదు. కుట్టిన ముతక దారాలు దూదిలో కలిసిపోయి ఉంటాయి, అవి అలాగే పోతే డ్రమ్ముకి చుట్టుకుని దూదిని ముద్ద చేస్తాయి. మరకలు పడి పసుపురంగుకి తిరిగిన చోట్ల దూది చిట్లిపోతుంది, లాగితే పొడి అవుతుంది, దాన్ని మొహమాటం లేకుండా పారేయాలి. మాకు దొరికినవి రెండు పిన్నీసులు, విరిగిన దబ్బనం ముక్క ఒకటి, ఒక పావలా బిళ్ళ. పావలా 2011లోనే చెల్లకుండా పోయింది, అయినా అత్తమ్మ అది నాదే అని లాక్కుని కొంగున ముడేసుకుంది.

ఎండబెట్టడంలో కూడా కిటుకుంది. పల్చగా పరిచి పైన పాత నైలాన్ చీర కప్పాలి, లేకపోతే సగం పక్కింటి డాబా మీదికి పోతుంది. మధ్యాహ్నం ఒకసారి తిరగేయాలి. నాలుగున్నర కల్లా ఎత్తేయాలి, దూది గాల్లో తేమ పీల్చుకుంటుంది కదా, చలికాలం పొద్దుగూకితే మంచుకి మళ్ళీ మొదటికొస్తుంది. రెండో సాయంత్రం చాచా పరీక్ష నేనే చేశాను. పిడికిలి తెరిస్తే దూది నెమ్మదిగా దానంతటదే విచ్చుకుంది, ఎవరో ఊపిరి పీల్చినట్టు. అత్తమ్మని పిలిచి మరీ చూపించాను.

ఇంట్లో తూకం వేస్తే దించినప్పుడు 11.4 కిలోలు, ఏరాక 10.6. షాపులో ఏకాక 9.8. ఆ పోయిన 800 గ్రాములూ దుమ్మూ పొట్టీ, కింద కుప్పపడింది కళ్ళారా చూశాను కాబట్టి అనుమానం లేదు. మీరూ పక్కనే నిలబడండి. వదిలేసి పోతే మీ దూది, పక్కవాళ్ళ దూది కలిసిపోతాయి, అది మోసం కూడా కాదు, అక్కడున్న చోటు అంత ఇరుకు. చాచా ముందు ఒక అయస్కాంతం ముక్కని దూదిలో తిప్పాడు, తర్వాత కొంచెం కొంచెంగా వేశాడు. ఒక్కసారి ఏకితే చాలదు, రెండుసార్లు వేయించండి. మొదటిసారి ముద్దలు విడిపోతాయి అంతే, రెండోసారికి నురగలా వస్తుంది. కిలోకి 30 రూపాయలు, రెండుసార్లకి లెక్కకట్టి 636 అయితే 630 తీసుకున్నాడు.

ఒక స్టార్ ఇక్కడే తీసేశాను. లోపల గాలి బయటికి లాగే ఫ్యాన్ లేదు. పనిచేసే కుర్రాడు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని రోజంతా ఆ దుమ్ములోనే ఉంటాడు. ఏళ్ళ తరబడి పత్తి దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, దానికి బిస్సినోసిస్ అని పేరు కూడా ఉంది. చాచాతో అంటే "చిన్నప్పటిసంది గిదే గాలి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆస్తమా ఉన్నవాళ్ళు లోపలికి పోకండి, పిల్లల్ని అసలు తీసుకెళ్ళకండి.

కొత్త దూది కొంచెం కలిపితే పొంగు బాగుంటుందని ఒక కిలో కలిపించాను. ఏనుమాముల పత్తి మార్కెట్ పక్కనే పెట్టుకుని చవగ్గా దొరకదా అనుకున్నా, కానీ అక్కడికి వచ్చేది గింజలున్న పత్తి. క్వింటాల్ పత్తిలో దూది మూడో వంతు చిల్లర, మిగిలిందంతా గింజే. జిన్నింగ్ అయిన, అంటే గింజ తీసేసిన దూది చాచా దగ్గరే కొనడం నయం. బూరుగు దూది మాత్రం వీటితో కలపకండి. దాని పోగు నున్నగా, పెళుసుగా ఉంటుంది, పత్తితో పట్టుకోదు, డ్రమ్ములో పడితే పొడైపోతుంది. దిండ్లకి విడిగా నింపుకోండి.

రజాయి పరచడం చాచీ పని. సింగిల్‌కి రెండు కిలోలు తూచింది. మన చలికి అది చాలు, ఆదిలాబాద్ వైపు వాళ్ళయితే మూడు పెట్టించుకోవచ్చు. ఒక పొర నిలువుగా, దాని మీద ఇంకోటి అడ్డంగా, అలా నాలుగు పొరలు. అంచుల దగ్గర కత్తెర అడిగితే నా చెయ్యి పక్కకి నెట్టి చేత్తో చీల్చింది. కత్తిరిస్తే అంచు గోడలా నిలబడి అక్కడే గీత పడుతుందట, చీలిస్తే పోగులు పల్చబడి పక్క పొరలో కలిసిపోతాయి. తర్వాత వెలుగుకి ఎదురుగా ఎత్తి పట్టుకుని పల్చగా కనిపించిన చోటల్లా చిటికెడు చిటికెడు అతికించింది. ఇంత ఓపిక నాకు వంటలో కూడా లేదు. లోపలి గుడ్డ మీరే తీసుకెళ్ళండి, మెత్తటి మల్లు గుడ్డ, ఒకసారి నానబెట్టి ఆరేసి. కొత్త గుడ్డ తర్వాత కుంచించుకుపోతే లోపల దూది ముడతలు పడుతుంది.

ఇంకో స్టార్ పోయింది కుట్టు దగ్గర. నాలుగు వేళ్ళ దూరంలో వరసలు కావాలని చెప్పి, దానికి ఎక్కువ డబ్బులు కూడా ఇచ్చాను. ఇంటికొచ్చి కొలిస్తే ఒక వైపు నాలుగు వేళ్ళు, రెండో వైపు జానెడు. కుట్టేది చాచా కాదు, సీజన్‌కి వచ్చే మనిషి, దీపావళి తర్వాత రద్దీకి చేతులాడటం లేదని అతని సమాధానం. జానెడు దూరం ఉంటే దూది జారకుండా ఏం ఆగుతుంది? చివరికి అత్తమ్మ దబ్బనం పట్టుకుని రెండు సాయంత్రాలు సీరియల్ చూస్తూ మధ్య వరసలు వేసింది. కాబట్టి ఏకించడం, పరిపించడం అక్కడ, కుట్టు మాత్రం ఇంట్లో. లేదంటే దసరాకి ముందే వెళ్ళండి, అప్పుడు చాచాయే కూర్చుని కుడతాడట.

పాలిస్టర్ షీటు రోల్ వేసుకుంటే ఈ తంటాలేమీ ఉండవు, తేలిక, వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చు. పక్క తడిపే పిల్లలున్న ఇంట్లో నేనూ అదే చెబుతాను, ఎందుకంటే ఈ దూది రజాయిని ఉతకడం కుదరదు, ఎండకి వేసుకోవడమే, పైన గలేబు వేసి దాన్ని ఉతుక్కోవాలి. కానీ ఒళ్ళు చెమట పట్టకుండా వెచ్చగా ఉండటం అంటే ఏంటో ఈ డిసెంబర్‌లోనే తెలిసింది నాకు. అత్తమ్మ అయితే ఇది తన పెళ్ళి పరుపని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

మొత్తానికి రెండు రజాయిలు, నాలుగు దిండ్లు వచ్చాయి, ఇంకా కొంత దూది మిగిలింది. వెళ్ళేటప్పుడు పెద్ద పాత దుప్పట్లు మూడు పట్టుకెళ్ళండి. రెండు గోనె సంచుల్లో తీసుకెళ్ళిన దూది ఏకాక ఐదు సంచులైంది. ఆటో అతను నన్ను ఎక్కించుకోవాలా, మూటల్ని ఎక్కించుకోవాలా అని అడిగాడు. నేను వెనకాల నడిచొచ్చాను.