ఆదిమానవుల రంగుల పెట్టె: రంగులు మేలు, పలక తప్పు, పుస్తకం సగం

నెల్లూరు ట్రంకు రోడ్డులోనూ, ఒంగోలులోనూ బడి సామాను అమ్మే దుకాణాల్లో ఈ మధ్య ఆదిమానవుల్లా గుహ బొమ్మలు వేయడానికి ఒక అట్టపెట్టె కనిపిస్తోంది. మూత మీద గుహ గోడ, దానిపై గుర్రాల గుంపు. వెల 1,250 రూపాయలు. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు పొడులు ఒక్కొక్కటి 50 గ్రాములు, చిన్న రాతి కల్వం, రెండు ఆల్చిప్పలు, రంగు ఊదడానికి రెండు ప్లాస్టిక్ గొట్టాలు, రెండు మార్కాపురం పలకలు, కొన తేలిన ఒక రాతి ముక్క, మట్టి ప్రమిద, 24 పేజీల పుస్తకం లోపల ఉంటాయి. చరిత్ర చెప్పే టీచర్లకూ, వేసవి సెలవుల్లో పిల్లలకు ఏదో ఒక పని పెట్టాలనుకునే తల్లిదండ్రులకూ ఇది కొనదగ్గదే. అయితే పెట్టెలో చెప్పినట్టు చేస్తే సగం పనులు చెడతాయి. ఎక్కడ చెడతాయో, ఎందుకు చెడతాయో, ఎట్ట సరిచేసుకోవాలో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందు రంగుల సంగతి. ఎర్ర పొడి నిజమైన జాజు. మన గడపలకు, అరుగులకు పూసే జాజే ఇది. దీని ఎరుపంతా హెమటైట్ అనే ఇనుప ఖనిజానిది. అసలుదో కాదో తేల్చుకోవాలంటే గాజు గ్లాసులో నీళ్లు పోసి చిటికెడు పొడి వేసి కదిపి, ఒక రాత్రి కదపకుండా ఉంచాలి. జాజైతే అడుగున పేరుకుని పైన నీళ్లు తేటగా తేలతాయి. అద్దకం రంగు కలిపి ఉంటే తెల్లారినా నీళ్లు ఎర్రగానే ఉంటాయి. ఈ పొడి ఆ పరీక్షలో నెగ్గుతుంది.

లోపం గరుకుదనంలో ఉంది. పొడిలో ఇసుక తగులుతుంది. పుస్తకం ‘నీళ్లు కలిపి వాడండి’ అని చెప్పి ఊరుకుంది. అట్ట చేస్తే గొట్టం రెండో నిమిషానికే పూడుకుపోతుంది. పొడిని కల్వంలో పది నిమిషాలు నూరి, గిన్నెడు నీళ్లలో కలిపి, ముప్పై సెకన్లు ఆగి, పైనున్న ఎర్ర నీళ్లను ఇంకో గిన్నెలోకి తేర్చాలి. ఇసుక అడుగునే మిగిలిపోతుంది. రెండో గిన్నెను రాత్రంతా ఉంచి, తేట నీళ్లు వంచేసి, ముద్దను నీడలో ఆరబెడితే పలచటి గుడ్డలో జల్లించినంత మెత్తటి పొడి వస్తుంది.

ఈ నూరడం, కలపడం, దాచుకోవడమే ఆ కాలపు మనుషుల గురించి బొమ్మలకన్నా ఎక్కువ చెబుతుంది. దక్షిణాఫ్రికాలోని బ్లొంబోస్ గుహలో 2008లో రెండు పెద్ద సముద్రపు గవ్వ చిప్పలు దొరికాయి. వాటిలో జాజు, బొగ్గు, చితక్కొట్టిన ఎముక కలిపిన ముద్ద ఎండిపోయి ఉంది. పక్కనే నూరే రాళ్లు ఉన్నాయి. వయసు సుమారు 1,00,000 ఏళ్లు. ఏ మన్ను ఎక్కడ దొరుకుతుందో, దేన్ని ఎంత కలపాలో తెలిసి, ముందే ఆలోచించి పెట్టుకున్న మనిషి పని అది. పెట్టెలో ఆల్చిప్పలు ఉంచడానికి ఇంత మంచి కారణం ఉంటే, పుస్తకంలో దాని గురించి ఒక్క ముక్క లేదు.

పెట్టె మొత్తంలో మేలైనది పసుపు పొడి. ఇది గోథైట్ అనే ఖనిజమున్న మన్ను. వేడి చేస్తే లోపలున్న నీరు పోయి హెమటైట్‌గా మారుతుంది, అంటే పసుపు ఎరుపవుతుంది. పాతరాతియుగపు మనుషులు ఇట్ట పసుపు మన్నును కాల్చి ఎరుపు చేసుకున్న ఆనవాళ్లున్నాయి. పుస్తకం ‘పెనం మీద ఐదు నిమిషాలు’ అంటుంది. అది చాలదు. మన్ను 250 నుంచి 300 డిగ్రీల వేడికి చేరాలి. పాత ఇనుప పెనం మీద రెండు చెంచాల పొడి పలచగా పరిచి, సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే అంచులు ముందు నారింజ రంగుకు తిరుగుతాయి. ఇరవై, ముప్పై నిమిషాలకు మొత్తం ఇటుక రంగులోకి వస్తుంది. నాన్‌స్టిక్ పెనం వాడకూడదు, ఆ వేడికి పూత పాడై పొగ వస్తుంది. పొడే పొగలు కక్కి నల్లగా మాడితే అది మన్ను కాదు, పారేయండి. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఉండాల్సిందే.

నల్ల పొడి విషయంలో జాగ్రత్త. సంచీ మీద ‘నలుపు’ అని తప్ప ఏమీ రాయలేదు. ఇది బొగ్గు కావచ్చు, మాంగనీసు అనే లోహపు ఖనిజం కావచ్చు. చిటికెడు పొడిని నీళ్ల మీద చల్లితే బొగ్గు కాసేపు తేలుతుంది, మాంగనీసు బరువుగా మునుగుతుంది. వేడి పెనం మీద బొగ్గు రాజుకుని బూడిదవుతుంది, మాంగనీసు అట్టనే ఉంటుంది. మాంగనీసు దుమ్ము పీల్చడం నరాలకు చేటు కాబట్టి తేలేదాకా నల్ల పొడిని గొట్టంతో ఊదకూడదు. వంటచెరకు బొగ్గు నూరుకుంటే ఏ బాధా లేదు. ఈ తేడాకు చరిత్రలోనూ విలువుంది. ఫ్రాన్సులోని షోవే గుహలో నల్ల బొమ్మలు బొగ్గుతో గీసినవి కాబట్టే కార్బన్ పరీక్షతో సుమారు 36,000 ఏళ్లని తేల్చగలిగారు. ఫ్రాన్సులోనే ఉన్న లాస్కో గుహలో నలుపు ఎక్కువగా మాంగనీసుది. అందులో కార్బన్ లేదు, కాబట్టి ఆ పరీక్ష దానికి పనికిరాదు. జాజుకూ అంతే. పుస్తకం పదిహేడో పేజీలో ‘ఎర్ర చేతి ముద్రను కార్బన్ పరీక్ష చేసి వయసు కట్టారు’ అని రాశారు. తప్పు. ఎర్ర బొమ్మ మీద పేరుకున్న సున్నపు పొరలో యురేనియం ఎంత థోరియంగా మారిందో లెక్కగట్టి, బొమ్మకు కనీసం ఇంత వయసని చెబుతారు. ఇండోనేషియాలోని సులవేసిలో ఒక అడవి పంది, దాని చుట్టూ మనుషుల్లాంటి ఆకారాలున్న బొమ్మకు కనీసం 51,200 ఏళ్లని 2024లో తేల్చింది ఈ దారినే.

ఇక పలక. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని తరం మన వైపు లేదు, అందుకే కాబోలు పెట్టెలో దాన్నే పెట్టారు. రంగుకు అది తగదు. దాని ఒంట్లో సూక్ష్మరంధ్రాలు లేవు, నీళ్లు పీల్చదు. జాజు ఆరాక గోటితో గీరితే పొరగా లేచిపోతుంది. గుహ గోడలు సున్నపురాయో, ఇసుకరాయో కావడంతో రంగు రాతి లోపలికి దిగింది. దాని బదులు ఇంటి కప్పు మీది పాత మట్టి పెంకు తీసుకుని, కడిగి, ఎండబెట్టి, దాని వెనకవైపు వాడండి. మెత్తటి పొడి అందులోకి చక్కగా ఇంకుతుంది. జిగురు కావాలంటే పావు చెంచా తుమ్మబంక నానబెట్టి కలిపితే చాలు, ఎక్కువైతే ఆరాక పగుళ్లు తేలతాయి. పలకలను పారేయొద్దు. చెక్కడానికి వాటిని మించినవి లేవు. పెట్టెలోని రాతి ముక్కతో గీస్తే తెల్లటి గీత పడుతుంది. చీకట్లో ప్రమిద వెలిగించి, వెలుగు పక్కనుంచి పడేట్టు పెడితే గీతలు లేచి కనిపిస్తాయి, దీపం కదిలితే జంతువు కదిలినట్టుంటుంది. లాస్కోలో ఇసుకరాతి దీపం దొరికింది. దానిలో జంతువు కొవ్వు కాల్చారు.

చేతి ముద్ర, అంటే గోడకు ఆనించిన చేతి చుట్టూ రంగు ఊదితే మిగిలే ఆకారం, ఈ పెట్టెకు ప్రాణం. ఒక్కో చేతికి రెండు టీ చెంచాల పొడికి ఆరు చెంచాల నీళ్లు. పెట్టెలో ఉన్నది అయిదు చేతులకు సరిపోతుంది. ఒక గొట్టం రంగులో నిలబెట్టాలి, రెండోదాన్ని దానికి అడ్డంగా, నిలువు గొట్టం పై కంతను సగం మూసేట్టు పట్టి గట్టిగా ఊదాలి. గాలి వేగానికి అక్కడ ఒత్తిడి తగ్గి రంగు పైకెక్కి తుంపర్లుగా చిమ్ముతుంది. రంగు ఎక్కకపోతే కారణం మూడింటిలో ఒకటి: గొట్టాలు లంబంగా లేకపోవడం, చిప్పలో రంగు తక్కువై ఎత్తు రెండంగుళాలు దాటడం, రంగు చిక్కబడడం. గోడకు, నోటికి మధ్య జానెడు దూరం ఉండాలి. అంతకంటే దగ్గరైతే రంగు చేతి కిందికి పాకి అంచు చెదురుతుంది. ప్లాస్టిక్ గొట్టం బదులు బొప్పాయి ఆకు కాడ వాడొచ్చు, పాలు పూర్తిగా కడిగేయాలి, లేకుంటే పెదవులు మండుతాయి. రంగును నోట్లో పోసుకుని ఉమ్మడం మాత్రం వద్దు, పిల్లలకు అసలే వద్దు.

ఒక్కసారి చేస్తే తెలిసే విషయం ఇంకోటుంది. కుడిచేతి వాటం పిల్ల గొట్టం కుడిచేత్తో పట్టుకుంటుంది, గోడ మీద ఆనించేది ఎడమ చెయ్యి. యూరప్ గుహల్లో చేతి ముద్రలు ఎక్కువగా ఎడమ చేతులవే. అప్పటి మనుషుల్లోనూ కుడిచేతి వాటమే ఎక్కువని చెప్పే సాక్ష్యాల్లో ఇదొకటి. చెయ్యి చాచి, ఊపిరి బిగబట్టి నిలబడిన పిల్లకు ఇది పాఠంలా చెప్పనక్కర్లేదు.

పుస్తకం మాత్రం మళ్లీ రాయాలి. వేట బాగా సాగాలని మంత్రంగా బొమ్మలు గీశారన్నది తేలిన సంగతిలా రాశారు. లాస్కోలో తిని పారేసిన ఎముకలు ఎక్కువగా ధ్రువపు జింకవి, గోడల మీద వందల జంతువుల్లో ఆ జింక బొమ్మ ఒక్కటే. తిన్నదే గీయలేదు కాబట్టి ఆ మాట అంత సులువుగా నిలవదు. మన దేశానికి దక్కింది అర పేజీ, అందులోనూ పురాతత్వవేత్త వాకణ్కర్ 1957లో చూసిన, మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహలు ఒక్కటే. కడప జిల్లా చింతకుంట కొండరాళ్ల మీది ఎరుపు, తెలుపు బొమ్మల మాట లేదు. ప్రకాశం జిల్లాలో వడోదర విశ్వవిద్యాలయం వాళ్లు తవ్వి తీసిన 41,000 ఏళ్ల నిప్పుకోడి గూడు మాటా లేదు. నిప్పుకోడి గుడ్డు పెంకు మీద మనిషి గీతలు గీసిన ఆధారం మహారాష్ట్రలోని పట్నేలో దొరికింది. మన పిల్లలకు ఆసక్తి పుట్టేది ఇక్కడే కదా.

పుస్తకం చివరి పేజీలో ‘దగ్గర్లోని గుహకు వెళ్లి ప్రయత్నించండి’ అన్న వాక్యాన్ని కొట్టేసి మరీ పిల్లలకు ఇవ్వండి. రక్షిత స్థలంలో రాతి మీద రంగు వేయడం నేరం, కేంద్ర చట్టం కింద రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఫొటోలో రంగు తేలాలని పాత బొమ్మల మీద నీళ్లు చల్లడమూ హానే, ఆరేటప్పుడు రాతి లోపలి ఉప్పు పైకొచ్చి రంగును లేపేస్తుంది.

ఎర్ర పొడి అయిపోతే మళ్లీ పెట్టె కొనక్కర్లేదు. సంక్రాంతికి ముందు ముగ్గుపిండి అమ్మే చోట జాజు కిలోల్లెక్కన దొరుకుతుంది. అద్దకం కలిసినవీ వస్తున్నాయి, గ్లాసు పరీక్ష చేసుకున్నాకే కిలో కట్టించుకోండి.