ఫోర్ట్ డేవిస్ వెళ్లొచ్చాం: గోడ లేని కోట

ఫోర్ట్ డేవిస్ అమెరికాలో టెక్సాస్ పడమటి వైపు ఉంది, డల్లాస్ నుంచి దాదాపు ఎనిమిది గంటల డ్రైవ్. అసలు మేం బయలుదేరింది మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో రాత్రి నక్షత్రాలు చూద్దామని, పగలంతా ఏం చేయాలో తోచక కింద ఊళ్లో ఉన్న ఈ పాత సైనిక కోటకి వెళ్లాం. చిన్నప్పుడు గుత్తి కోట ఎక్కి తిరిగిన మనిషి మా నాన్న. కారు దిగగానే "కోటేదిరా, గోడ కూడా లేదు" అన్నారు.

నిజమే, గోడ లేదు, బురుజు లేదు. ఎర్రటి రాతి కొండల మధ్య లోయ మొదట్లో ఒక పెద్ద మైదానం, ఒక వైపు ఆఫీసర్ల ఇళ్ల వరస, ఎదురుగా సిపాయిల బ్యారక్‌లు. శాన్ ఆంటోనియో నుంచి ఎల్ పాసో వెళ్లే బాటలో బళ్లకీ టపాకీ కాపలాగా 1854లో పెట్టారు, అప్పటి యుద్ధ మంత్రి జెఫర్సన్ డేవిస్ పేరు పెట్టారు. బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకి తర్వాత అధ్యక్షుడైంది ఈయనే. ఆ విడిపోవడంతో వచ్చిన సివిల్ వార్‌లో (అమెరికా అంతర్యుద్ధంలో) కోట పాడుపడితే 1867లో మళ్లీ నిలబెట్టడానికి వచ్చింది ఎవరనుకున్నారు, నల్లజాతి సైనికుల తొమ్మిదో కావల్రీ, అంటే గుర్రపు దళం! పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

బాగుచేసిన గదుల కంటే కూలిన గోడలే నాకు నచ్చాయి. అరిగిన చోట దగ్గరికెళ్లి చూస్తే పచ్చి ఇటుక, మట్టిలో గడ్డిపోచలు. (చేత్తో ముట్టుకోకండి, రాలిపోతుంది.) "మన మట్టి మిద్దెలదీ ఇదే పని కదా" అని నాన్న అక్కడే పది నిమిషాలు నిలబడిపోయారు.

పక్క ఊరి కథ కూడా ఇక్కడే మొదలవుతుంది. గుర్రాలకి గడ్డి, పొయ్యికి కట్టెలు, సిపాయిలకి మాంసం, అన్నీ బయటి నుంచే రావాలి. అమ్మేవాళ్లు, బళ్లు తోలేవాళ్లు, బట్టలుతికే ఆడవాళ్లు, చాలామంది మెక్సికన్ కుటుంబాలవాళ్లు, కోట పక్కన చేరి ఊరైంది. అంటే సైన్యం ఊరిని కాపాడిందనేది సగం మాటే, ఊరికి పెద్ద బేరం కూడా అదే.

సరుకుల గోదాం, అదే కమిసరీ, దగ్గర తొందరపడకండి. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో 1877లో పట్టా తీసుకున్న మొదటి నల్లజాతి ఆఫీసర్ హెన్రీ ఫ్లిప్పర్ ఇక్కడ ఆ లెక్కలు చూసేవాడు. 1881లో 3,791 డాలర్లు తగ్గాయని కేసు పెట్టారు. స్నేహితులూ ఊరివాళ్లూ కలిసి చందాలేసుకుని ఆ డబ్బు కట్టేశారు! అయినా కోర్ట్ మార్షల్, అంటే సైనిక విచారణ, ఆగలేదు. దొంగతనం నిలవలేదు గానీ ప్రవర్తన బాలేదని 1882లో ఉద్యోగం తీసేశారు. క్షమాభిక్ష వచ్చేసరికి 1999, ఆయన పోయి అప్పటికే దాదాపు అరవై ఏళ్లు. విచారణ జరిగిన చాపెల్‌కి ఇప్పుడు పునాది రాళ్లే మిగిలాయి, చూడకుండా దాటిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక్కడి ఆదివాసులు అపాచీల వైపు నుంచి చూస్తే ఇదంతా వాళ్ల నేల. 1880లో వాళ్ల నాయకుడు విక్టోరియో మనుషుల్ని సైన్యం తరఫున కర్నల్ గ్రియర్సన్ వెంటపడి పట్టుకోలేదు, ముందే వెళ్లి నీటి బుగ్గల దగ్గర కాపు కాశాడు. ఆ ఎండలో నీళ్ల సీసా పట్టుకుని నడుస్తుంటే ఆ ఎత్తుగడ ఎంత క్రూరమైనదో నాకు అర్థమైంది. 1891లో సైన్యం వెళ్లిపోయింది, ఊరు పశువుల మందల మీద బతికింది.

ఇక పనికొచ్చే మాటలు. నీడ తక్కువ, టోపీ తప్పనిసరి, పొద్దున్నే వెళ్లండి. మూడు గంటలైనా పెట్టుకోండి, మేం గంటన్నర అనుకుని ఇరుక్కున్నాం. ఆ రాత్రి ఊళ్లో ఒక హోటల్‌కి వెళ్తే వంటగది మూసేశామన్నారు, ఇంటి నుంచి తెచ్చిన పులిహోరే దిక్కైంది. పిల్లలకి మొదట బోర్ కొట్టింది గానీ, స్పీకర్లలో పాత పెరేడ్ బ్యూగిల్, గుర్రాల చప్పుడు వినిపించగానే ఖాళీ మైదానం వైపు పరిగెత్తారు, అక్కడ ఎవరూ లేరని చూసి వెనక్కొచ్చి "గుర్రాలేవి?" అని నాన్నని పట్టుకున్నారు.

ఐదుకి నాలుగున్నర. ఆ సగం కోసింది గోడ లేదని, అది నాన్న మార్కు.