అవ్వ దగ్గరా, హోంలోనా: పిల్లకు ఏది మేలు?

తండ్రి పోయాడు. తల్లి బతుకుదెరువుకు బెంగళూరు పోయింది. పిల్ల అవ్వ దగ్గర ఉంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఇలాంటి ఇళ్లు కొత్తేం కాదు. అప్పుడు చుట్టాలు చెప్పే సలహా ఒకటే: "ఏదైనా హోంలో చేర్పించండి. మూడు పూటలా తిండి, చదువు దొరుకుతాయి." రెండో దారి, కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం (స్పాన్సర్‌షిప్) తీసుకుని పిల్లను అవ్వ దగ్గరే ఉంచడం. ఇంట్లో పిల్లకు హాని చేసేవాళ్లు లేకపోతే అవ్వ దగ్గరే మేలని నా అభిప్రాయం.

తిండి, చదువు లెక్క మాత్రమే చూస్తే హోంకే ఎక్కువ మార్కులు పడతాయి. కానీ చిన్నప్పుడు మనసుకు తగిలిన దెబ్బ ఒంట్లో నిలిచిపోతుంది. అమెరికాలో 9 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగి చేసిన అధ్యయనం 1998లో వెలువడింది. ఇంట్లో కొట్లాటలు, తాగుడు, లైంగిక హింస లాంటివి నాలుగు రకాలు, అంతకు మించి చూసినవాళ్లలో డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నాలు, తాగుడు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి. గుండె జబ్బులు కూడా పెరిగాయి. అదే పనిగా భయంతో పెరిగే పిల్ల ఒంట్లో స్ట్రెస్ హార్మోన్లు తగ్గవు. నిద్ర, చదువు, రోగనిరోధక శక్తి అన్నీ దెబ్బతింటాయి.

నాకు తెలిసిన ఓ తొమ్మిదేళ్ల పిల్ల బడిలో రోజూ కడుపునొప్పి అనేది. మాత్రలు వాడారు, స్కానింగ్ తీయించారు, ఏమీ లేదన్నారు. వీధిలో మోటార్ సైకిల్ చప్పుడైతే మాత్రం పుస్తకాల సంచి ఒళ్లోకి లాక్కుని గోడవారకు జరిగేది. తాగి వచ్చే నాన్న బండి చప్పుడు అది. ఆయన పోయి ఏడాదైనా ఆ చప్పుడు ఆమెను వదల్లేదు. అవ్వ చేసిందల్లా రోజూ అదే వేళకు సంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టి, పక్కలో పడుకోబెట్టుకోవడం. కొన్ని నెలలకు కడుపునొప్పి మాట తగ్గింది.

ఇలా ఒకే మనిషి రోజూ పక్కన ఉండటం హోంలో ఎందుకు కష్టమంటే, అక్కడ చూసుకునే మనుషులు మారుతుంటారు. ఒక్కో ఆయాకు ఎంతోమంది పిల్లలు. రొమేనియాలోని బుకారెస్ట్‌లో అనాథ సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్ని రెండు గుంపులు చేసి, సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాల్లోకి, అదీ రెండేళ్ల వయసులోపు వెళ్లినవాళ్లు సంస్థలో ఉండిపోయినవాళ్లకన్నా బాగా ఎదిగారు. మన 2015 బాలల న్యాయ చట్టం కూడా సంస్థలో పెట్టడం చివరి మార్గమనే చెబుతుంది. తిరుపతిలో టీటీడీ బాలమందిరం లాంటివి ఎవరూ లేని పిల్లలకు నీడ ఇస్తున్నాయి. వాటి విలువ వాటిది. అవ్వ ఉన్న పిల్లను మాత్రం పేదరికం పేరుతో అక్కడికి పంపకూడదు.

అయితే 4,000 ఖాతాలో పడితే పని అయిపోయినట్టు కాదు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు దాటకూడదు. తండ్రి మరణ ధ్రువపత్రం, రేషన్ కార్డు, స్టడీ సర్టిఫికెట్ పట్టుకుని అవ్వ తిరగాలి. ఆ కాగితాలు సచివాలయంలోనే ఎవరైనా పూర్తి చేసి పెడితే బాగుంటుంది. నెలకోసారి అంగన్‌వాడీ కార్యకర్తో మహిళా పోలీసో ఇంటికెళ్లి పిల్లతో విడిగా మాట్లాడాలి. ఆ మాటలు లేకపోతే డబ్బు తిండికి పనికొస్తుంది గానీ భయానికి కాదు.

ఇక మూడో దారి, బళ్లలో ప్రశ్నలడిగి బాధపడ్డ పిల్లల్ని గుర్తించడం. కాలిఫోర్నియాలో 2020 నుంచి ఇలాంటి స్క్రీనింగ్‌కు ప్రభుత్వం డాక్టర్లకు డబ్బు కూడా ఇస్తోంది. ఇక్కడ 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బళ్లకు వచ్చి పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల కొరత, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం చూస్తాయి. ఇంట్లో భయం గురించీ అడగాలనిపిస్తుంది. కానీ అడిగాక పట్టించుకునే మనిషి లేకపోతే పుండు కెలికి వదిలేసినట్టే. పైన చెప్పిన అధ్యయనం చేసినవారిలో ఒకరైన రాబర్ట్ అండా కూడా చిన్నప్పుడు ఎన్ని రకాల కష్టాలు చూశారో లెక్కేసే స్కోరుతో ఒక్కో మనిషి భవిష్యత్తును లెక్కగట్టవద్దని 2020లో హెచ్చరించారు. ముందు కౌన్సెలర్లు రావాలి, తర్వాతే ప్రశ్నలు.

హాని చేసేవాడు ఇంట్లోనే ఉంటే నేను పైన చెప్పిందంతా తిరగబడుతుంది. అప్పుడు పరువు, చుట్టరికం చూడకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. 24 గంటల్లో పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాలి. అలాంటి పిల్లకు ఆ రాత్రి హోమే మేలు. తిరుపతి రైల్వేస్టేషన్‌లో దొరికే పిల్లల విషయంలోనూ అంతే. ఎందుకు పారిపోయి వచ్చావని నిదానంగా అడగకుండా అదే ఇంటికి టికెట్ కొని పంపడం తప్పు. హోంలో పెట్టాల్సి వచ్చినా, అక్కాతమ్ముళ్లను విడదీయొద్దని, తల్లి వైపు చుట్టాల్ని వెతకమని కమిటీని గట్టిగా అడగండి.